అర నూలు

వెంట్రుకవాసి మేస్త్రీ ఇంట్లో ఏ తలుపూ సరిగ్గా పడదు. వీధి తలుపు మూయాలంటే భుజంతో ఒక్క తోపు తోయాలి. వంటింటి సొరుగు లాగాలంటే రెండు చేతులూ, కాస్త కోపమూ కావాలి. కిటికీ రెక్కలు వానాకాలం ఎలాగూ పడవు, ఎండాకాలం కూడా పడవు. ఇవన్నీ ఎవరో చేతగాని వడ్రంగి చేసినవైతే సరేననుకోవచ్చు. ముప్పై మూడేళ్ళు ఇనుప పోత ఫ్యాక్టరీలో కొయ్య అచ్చులు చేసి, "వెంట్రుకవాసి తేడా వస్తే నన్నడుగు" అని పదిమందిలో అనీ అనీ ఆ మాటనే పేరుగా తగిలించుకున్న మనిషి తన చేతులతో చేసినవి. "మా బావగారు బిగించింది తలుపు కాదు, తగువు" అని ఆయన మరదలు ఇరుగమ్మతో, పొరుగమ్మతో నవ్వుతూ అనేది. మేస్త్రీ కూడా నవ్వేవాడు. ఆ నవ్వు పళ్ళ దాకానే వచ్చేదని ఆవిడ ఎన్నడూ గమనించలేదు.

మరదలంటే తమ్ముడి భార్య. తమ్ముడు పోయి ఇరవై రెండేళ్ళయింది. అదే ఫ్యాక్టరీలో ఇసుకలో అచ్చులు దించి ఇనుము పోసే పని అతనిది. ఒక రోజు మధ్యాహ్నం, కరిగిన ఇనుము మోసే బొక్కెన గాల్లో ఉండగా ఒక పక్కకి ఒరిగింది. కింద ఉన్నది అతనొక్కడే. విచారణకి ముగ్గురు మనుషులొచ్చారు, రెండు రోజులు తిరిగారు, రెండు లైన్లు రాసి వెళ్ళారు. బొక్కెనని కొక్కేలకి సరిగ్గా తగిలించకపోవడం పనివాడి అజాగ్రత్త, అంతే. ఆ కాగితం మరదలి రేకు పెట్టెలో ఇప్పటికీ ఉంది.

ఆవిడ ఆ కాగితాన్ని వేదవాక్కులా నమ్మింది. నమ్మక ఏం చేస్తుంది? అప్పటికి తొమ్మిదో నెల. పుట్టిన ఆడపిల్లని ఆ ఒక్క మాట మీదే పెంచింది. పలక పగిలితే "మీ నాన్న పోలికే నీకు", పాలు పొంగితే "మీ నాన్నలా ఒళ్ళు మరిచిపోకు". ఆ పిల్ల ఇప్పుడు వేరే ఊళ్ళో ఆస్పత్రిలో నర్సు. గొడుగు ఎక్కడైనా వదిలేసి వస్తే తనే ముందు నవ్వేస్తుంది, "నాన్న పోలిక, ఏం చేస్తాం!" అని. ఆ మాట విన్నప్పుడల్లా పెదనాన్న కంచంలో అన్నం కలుపుతూ ఉండిపోయేవాడు. ముద్ద నోటిదాకా వచ్చేది కాదు.

ఎందుకో చెప్పాలంటే ముందు రెండు ముక్కలు ఆ పని గురించి చెప్పుకోవాలి, ఓపిక పట్టండి. కరిగిన ఇనుము చల్లారేటప్పుడు ముడుచుకుంటుంది. అడుగు పొడవుకి ఒక నూలు తగ్గుతుంది. నూలంటే అంగుళంలో ఎనిమిదో వంతు, ఏ వడ్రంగినడిగినా చెప్తాడు. అందుకని కొయ్య అచ్చుని ఆ మేరకి పెద్దది చేస్తారు. ప్రతిసారీ లెక్కలు కట్టుకుంటూ కూర్చుంటే పని తెమలదు కాబట్టి దానికి వేరే కొలబద్ద ఉంటుంది. చూడ్డానికి మామూలు బద్దే, అవే గీతలు, అవే అంకెలు. కానీ దాని అడుగు మన అడుగు కన్నా ఒక నూలు ఎక్కువ. మేస్త్రీ దగ్గర రెండూ ఉండేవి. పొడుగు బద్ద పోతపనికి, అది పనిసంచిలో. పొట్టి బద్ద ఇంటిపనికి, అది గోడ మేకుకి.

ఆ నెలలో మేస్త్రీ తమ్ముడికి పుట్టబోయే బిడ్డ కోసం ఇంట్లో ఉయ్యాల చేస్తున్నాడు. ఫ్యాక్టరీలోనేమో బొక్కెనని ఎత్తే కాడి అరిగిపోయిందని, రెండడుగుల కొత్త కాడికి అచ్చు చేయమన్నారు. అచ్చు చేశాడు. ఇనుము పోశారు. కాడి వచ్చింది. తమ్ముడు దాని కొక్కేలని బొక్కెన చెవులకి తగిలించబోయి ఆగాడు. సుత్తి చేతిలో పట్టుకుని గొంతుకూర్చుని ఉన్నవాడు తలెత్తి, "అన్నయ్యా, కాడి బిగుతుగా ఉంది. కొక్కెం అడుగంటా దిగట్లేదు, ఒకసారి చూస్తావా?" అన్నాడు.

పదిమంది చూస్తున్నారు. వెంట్రుకవాసి మేస్త్రీ కొలత తప్పడమా? "నా కొలతకి వంక పెట్టేవాడివయ్యావా ఒరే! బిగుతుగా ఉంటే సుత్తితో నాలుగు వెయ్యి, అదే దిగుతుంది" అన్నాడు. తమ్ముడు నవ్వి, తల దించుకుని, మూడు దెబ్బలు వేశాడు. ఠక్, ఠక్, ఠక్. నాలుగోది వేయలేదు. సరిపోయిందనుకున్నాడో, అన్నయ్య మాట మీద నమ్మకమో.

ఆ మధ్యాహ్నమే బొక్కెన ఒరిగింది. అంతా అయిపోయాక, ఆ సాయంత్రం ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చిన మేస్త్రీ సగం చేసిన ఉయ్యాల కనబడకుండా గుడ్డ కప్పుదామని వెళ్ళాడు. గోడ మీద మేకు ఖాళీగా ఉంది, పొడుగు బద్ద ఉయ్యాల పక్కన ఉంది. పొట్టి బద్ద పనిసంచిలో ఉంది. ఎన్నాళ్ళ నుంచి ఉందో లెక్క వేసుకున్నాడు. రెండడుగుల కాడికి రెండు నూళ్ళు, అంటే పావంగుళం తక్కువ. ఆ కాడి అప్పటికే విరిగి, ఒలికిన వేడికి కరిగి, ఇనుములో ఇనుమై పోయింది. మిగిలిన సాక్ష్యం ఎర్రరంగు వేసిన ఆ కొయ్య అచ్చు ఒక్కటే. విచారణ వాళ్ళు రాకముందే దాన్ని గోనెసంచిలో చుట్టి ఇంటికి తెచ్చేశాడు. తేలు కుట్టిన దొంగ అరవలేడంటారే, సరిగ్గా అలాగే విచారణ రెండు రోజులూ కుర్చీలో కూర్చున్నాడు. అచ్చునీ, పొట్టి బద్దనీ మంచం కింద ట్రంకు పెట్టెలో వేసి తాళం పెట్టాడు. పక్కన పడుకునే భార్యకి కూడా చెప్పలేదు. ఆవిడ ఏడేళ్ళ కిందట పోయింది, సంగతి తెలియకుండానే.

ఆనాటి నుంచి ఆ మనిషి పొట్టి బద్ద ముట్టలేదు. తలుపుకీ పొడుగు బద్దే, సొరుగుకీ పొడుగు బద్దే. చట్రాలు బజారులో మామూలు అడుగుల లెక్కన కొన్నవి, వాటిలో పట్టాల్సినవి ఈ బద్దతో కోసినవి. ఇంట్లో ప్రతిదీ ఒక పిసరు పెద్దదై ఇరుక్కునేది అందుకే. నాకైతే ఆ మనిషి మీద జాలీ ఉంది, కోపమూ ఉంది. ఇరుక్కున్న తలుపుని రోజూ భుజంతో నెట్టుకుంటూ బతికాడు గానీ, నోరు ఒక్కసారి తెరవలేకపోయాడు.

రిటైరయ్యాక ఊరికే కూర్చోలేక చిన్నబొమ్మల సంఘంలో చేరాడు. దాన్ని నడిపేది డ్రాయింగ్ టీచరమ్మ, ఆవిడా రిటైరయిన మనిషే. సభ్యుల్లో బస్ కండక్టరున్నాడు, సెలూన్ ఆయనున్నాడు, ఇద్దరు ముగ్గురు టైలర్లున్నారు. ఏడాదికొకసారి లైబ్రరీ చదువుల గదిలో ప్రదర్శన. అక్కడ ఒకప్పుడు పుస్తకాల చీటీలు పెట్టుకున్న గళ్ళ బీరువా ఉంది. గడికొక బొమ్మ, మనిషికొక గడి. అందుకని నియమం పెట్టారు: ఏ వైపు చూసినా బొమ్మ ఆరంగుళాలు దాటకూడదు. నియమానికి కాపలాగా ఒక ప్లైవుడ్ పెట్టె ఉంది. లోపల సరిగ్గా ఆరంగుళాలు. బొమ్మ అందులో కూర్చోవాలి, మూత పడాలి, గొళ్ళెం వేలితో తిరగాలి. ఆ పెట్టెకి సభ్యులు అత్తగారని పేరు పెట్టారు. ఎంత ఒద్దికగా వెళ్ళినా ఏదో ఒక మూల తప్పు పడుతుందని.

ఆరేళ్ళ పాటు మేస్త్రీ బొమ్మ అత్తగారికి ఎదురు చెప్పలేదు. ఆరేళ్ళూ మట్టితోనే చేశాడు. మట్టి కాలితే ముడుచుకుంటుంది కనుక పొడుగు బద్దతో కొలిచినా చెల్లిపోయింది. మట్టిలో ఇంకో సుఖం ఉంది. దానికి సుత్తి అక్కర్లేదు, చప్పుడుండదు. కుట్టుమిషన్ దగ్గర నిద్రపోయే టైలరు, బరువు దించి చెమట తుడుచుకునే కూలీ, ఇలా వీధిలో మనుషుల్నే చేసేవాడు. జనం బాగుందనేవారు.

ఈ ఏడు మరదలు వచ్చి గుమ్మంలో నిలబడింది.

"బావగారూ, ఊళ్ళో వాళ్ళందర్నీ చేశారు. మీ తమ్ముణ్ణి ఒక్కసారి చెయ్యరూ? పిల్ల ఎప్పుడూ చూళ్ళేదు. ఫోటోలో చూస్తే ఏం తెలుస్తుంది, కూర్చుంటే ఎలా ఉండేవారో, లేస్తే ఎలా ఉండేవారో!"

"చూద్దాంలే అమ్మా" అన్నాడు. చూద్దామన్నది ఆవిడ చేద్దామని విన్నది. ఆ వారమే కూతురికి ఫోన్ చేసి చెప్పేసింది కూడా.

మట్టి కలిపాడు. మట్టి పగిలింది. మళ్ళీ కలిపాడు, మళ్ళీ పగిలింది. మూడోసారి పగిలాక ఆయన మంచం కింద నుంచి ట్రంకు పెట్టె లాగి, ఆ ఎర్ర అచ్చు తీశాడు. ఎందుకు తీశాడని అడిగితే ఏం చెప్తాడు? ఇరవై రెండేళ్ళు ఎండిన టేకు, ఇక వంగదు, పగలదు అని పైకి అనుకున్నాడు. తమ్ముణ్ణి మింగిన కొయ్యలోంచే తమ్ముణ్ణి బయటికి తీస్తే పాపం కరిగిపోతుందేమోనని లోపల అనుకున్నాడు. కాడి చేతులు రెండూ రంపంతో కోసేసి, మధ్య దిమ్మ బల్ల మీద పెట్టాడు.

ఇసుక మీద వంగి, తల దించుకుని పని చేసుకునే తమ్ముణ్ణి చేద్దామనుకున్నాడు. ఉలి పెట్టి కొయ్యసుత్తితో కొట్టడం మొదలుపెట్టాడు. మొదటి రోజే, మిట్టమధ్యాహ్నం, సుత్తి ఆపగానే గదిలో ఇంకా మూడు దెబ్బలు వినిపించాయి. ఠక్, ఠక్, ఠక్. పక్కింట్లో ఏదో బిగించుకుంటున్నారనుకుని గోడకి చెవి పెట్టాడు. పక్కిల్లు తాళం వేసి ఉంది. మర్నాడూ అంతే. ఆయన ఎన్ని కొట్టినా, ఆపాక మూడు. నాలుగోది కోసం ఊపిరి బిగబట్టి కూర్చునేవాడు. అది ఎప్పుడూ రాలేదు.

"ఏంటి బావగారూ, మజ్జిగ చల్లగా ఉంటుంది తాగమంటే అలా గోడకి అంటుకుపోయారు?" అని మరదలు అడిగింది ఒకరోజు.

"నీకేమైనా వినపడుతోందా?"

"మీ తలుపు మూలుగుతోంది, అంతే" అంది ఆవిడ, గ్లాసు బల్ల మీద పెడుతూ.

పదిరోజులకి ఇంకో సంగతి జరిగింది. తల దించుకోవలసిన బొమ్మ తల దించుకోలేదు. మెడ దగ్గర కొయ్యలో నరం అడ్డం తిరిగి ఉంది. అక్కడ ఉలి దిగితే మెడ తెగుతుంది. తప్పించుకుంటూ చెక్కితే మొహం పైకి లేచింది. గొంతుకూర్చుని, చేతిలో సుత్తి, తలెత్తి, నోరు కొంచెం తెరిచి ఏదో అడగబోతున్న మనిషి. ఏం అడగబోతున్నాడో మేస్త్రీకి తెలుసు. బొమ్మని గోడ వైపు తిప్పి పెట్టి అన్నానికి వెళ్ళేవాడు. తిరిగొచ్చి మళ్ళీ తనవైపు తిప్పుకునేవాడు, చెక్కాలి కదా మరి. ఈ వయసులో దెయ్యాలకి భయపడతానా అని తనని తాను తిట్టుకునేవాడు. భయపడ్డాడు, అది నిజం. తమ్ముడు వస్తాడని కాదు, అడుగుతాడని.

బొమ్మ అడుగుభాగం మాత్రం చిత్రిక పట్టలేదు. అక్కడ పాత ఎర్రరంగూ, ఫ్యాక్టరీలో అచ్చుకి వేసిన నంబరూ అలాగే ఉండిపోయాయి. రేపు చేద్దాం, రేపు చేద్దాం అనుకుంటూనే బొమ్మలు ఒప్పజెప్పే రోజు వచ్చేసింది.

ఆ రోజు మరదలు కూడా వచ్చింది. బొమ్మ మీద కప్పిన గుడ్డ ఇంకా తీయనివ్వలేదని దారి పొడుగునా సాధించింది. చదువుల గదిలో కిటికీ పక్కన బల్ల, బల్ల మీద అత్తగారు, వెనకాల కళ్ళజోడు సర్దుకుంటూ టీచరమ్మ. ముందు కండక్టరు తన మట్టి ఏనుగుని పెట్టెలో కుక్కుతున్నాడు. తొండం బయటే ఉంది.

"లోపల ఖాళీ ఉందండీ, కొంచెం ముందుకి జరగాలంతే" అన్నాడు.

"ఇది మీ బస్సు కాదు నాయనా, తీసెయ్" అంది టీచరమ్మ. అందరూ నవ్వారు.

మేస్త్రీ గుడ్డ తీశాడు. మరదలు ఒక్కడుగు వెనక్కి వేసింది. చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. "అచ్చం ఇలాగే. ఏదైనా అడగాలంటే అచ్చం ఇలాగే చూసేవారు" అంది.

టీచరమ్మ బొమ్మని రెండు చేతులతో తీసుకుని పెట్టెలో కూర్చోబెట్టి మూత వేసింది. మూత తమ్ముడి నెత్తికి తగిలి ఆగింది. మళ్ళీ వేసింది. మళ్ళీ ఆగింది. గొళ్ళెం అందలేదు.

"వెంట్రుకవాసి గారి బొమ్మ పట్టలేదర్రా!" అన్నాడు కండక్టరు, తన ఏనుగు దుఃఖం మరిచిపోయి.

"సరిగ్గా ఆరంగుళాలు" అన్నాడు మేస్త్రీ. సంచిలోంచి బద్ద తీసి బొమ్మ పక్కన నిలబెట్టాడు. గీత సరిగ్గా ఆరు దగ్గరే ఉంది.

టీచరమ్మ తన బద్ద తీసి అటు పక్కన నిలబెట్టింది. ఆరు దాటింది, అర నూలు. ఆవిడ రెండు బద్దల్నీ బల్ల మీద జంటగా పడుకోబెట్టింది. ఒకటి దగ్గర రెండు అంకెలూ కలిసే ఉన్నాయి. మూడు దగ్గర కొంచెం ఎడమయ్యాయి. పన్నెండు దగ్గరికి వచ్చేసరికి ఎవరి దారి వాళ్ళదయింది.

"మీ బద్ద తప్పు మేస్త్రీగారూ. పోనీలెండి, అర నూలేగా! కింద పీట అరగదీసేయండి, ఏం పోతుంది? ఇక్కడే చేసేయండి, నేను ఆగుతాను" అంటూ ఆవిడ బొమ్మని తిరగేసింది. ఎర్రరంగు, నంబరు కనిపించాయి. "ఈ పాత రంగు పోతే సరిపోతుంది."

మేస్త్రీ సంచిలోంచి చిన్న చిత్రిక తీశాడు. రెండు లాగుళ్ళు, అంతే. రంగు పోతుంది, నంబరు పోతుంది, తమ్ముడు పెట్టెలో పడతాడు, గొళ్ళెం తిరుగుతుంది. ఇక లోకంలో ఎవరూ అడిగేవాళ్ళుండరు. చిత్రికని కొయ్యకి ఆనించాడు.

"బావగారూ," అంది మరదలు వెనకనుంచి. ఆవిడ కళ్ళు ఇంకా బల్ల మీది బద్దల మీదే ఉన్నాయి. "అంకెలు అవే ఉండి పొడుగు వేరే ఉండటమేంటి? అలాంటి బద్ద ఎవరికి కావాలి?"

ఊరికే అడిగింది. ఆవిడ మనసులో ఏమీ లేదు. ఆవిడకి జవాబు చెప్పడం కూడా ఏమంత కష్టం కాదు, పోతపనికమ్మా అంటే సరిపోయేది. మేస్త్రీ నోరు తెరిచాడు. సరిగ్గా అప్పుడే గదిలో ఎక్కడో మూడు దెబ్బలు పడ్డాయి. కండక్టరు ఏనుగుని అట్టపెట్టెలో పెట్టి మూత దించుతున్నాడో, మరేమో. మేస్త్రీ చేతిలో బొమ్మ తలకిందులుగా ఉండి కూడా ఆయన వైపే చూస్తోంది.

చిత్రిక బల్ల మీద పెట్టేశాడు.

"పోతపనికి" అన్నాడు. "ఇనుము ముడుచుకుంటుంది కనుక పొడుగు బద్దతో కొలవాలి. ఆ రోజు కాడికి నేను పొట్టి బద్దతో కొలిచానమ్మా. వాడు బిగుతుగా ఉందన్నాడు. చూడమన్నాడు. నేను చూళ్ళేదు. సుత్తితో కొట్టమన్నాను. ఈ కొయ్య ఆ అచ్చుదే. ఇదిగో నంబరు. వాడి అజాగ్రత్త కాదు."

మరదలు బొమ్మని ఆయన చేతిలోంచి తీసుకుంది. నంబరు మీద బొటనవేలితో రాసి చూసింది, చెరిగిపోతుందేమో అన్నట్టు.

"ఇరవై రెండేళ్ళు" అంది మెల్లిగా. "పలక పగిలితే అన్నాను, మీ నాన్న పోలికని. పాలు పొంగితే అన్నాను. మార్కులు తగ్గితే అన్నాను. చచ్చిపోయిన మనిషిని దాని ముందు రోజుకొకసారి తిట్టాను. మీరు పక్కన కూర్చుని అన్నం తింటూ విన్నారు."

"విన్నాను."

"ఎలా తిన్నారు బావగారూ?"

ఆయన తల దించుకున్నాడు. టీచరమ్మ కుర్చీ జరిపితే కూడా కూర్చోలేదు. నియమం నియమమే కాబట్టి పెట్టెలో పట్టనిది గడిలోకి వెళ్ళదు, కానీ ఆవిడ ఆ పెట్టెని పక్కకి జరిపేసింది. చిత్రికని తనే తీసి మేస్త్రీ సంచిలో వేసింది.

"ఇక చెక్కకండి. ఆయన్ని తగ్గించింది చాలు" అంది మరదలు. బొమ్మని కొంగులో చుట్టుకుంది. రెండో చేత్తో ఫోన్ తీసి, నంబరు నొక్కి, ఆయనకి అందించింది. "నాకు చెప్పారు, సరే. దానికి నేను చెప్పను. మీరే చెప్పండి."

అటునుంచి కూతురు వెంటనే ఎత్తింది. "అమ్మా, నేను" అన్నాడు మేస్త్రీ.

"పెదనాన్నా, మీరా! నాన్న బొమ్మ పట్టిందా పెట్టెలో? నేను బయట నిలబడి ఉన్నాను. తాళంచెవి లోపల పెట్టి తలుపు లాగేశాను. నాన్న పోలిక, ఏం చేస్తాం!"

"కాదు తల్లీ" అన్నాడు మేస్త్రీ. "మీ నాన్న చూసుకున్నాడు. చూసుకుని నాకు చెప్పాడు కూడా. చూసుకోనిది నేను. నువ్వు ఎక్కడైనా కూర్చో, మొదట్నించీ చెప్తాను."